బైపాస్ పక్క ఇల్లు: రాత్రి బళ్ళు తక్కువ, మోత మాత్రం తగ్గదు. ఎందుకని?

హైవే_పక్కిల్లు
బరంపురం బైపాస్‌ని ఆనుకున్న లేఔట్‌లో ఇల్లు కట్టుకున్నాం. గృహప్రవేశమై అయిదు నెలలు. ఎన్‌హెచ్ 16 అంచు నుంచి మా పడగ్గది గోడకి 40 మీటర్లు, టేపు పట్టి కొలిచాను. స్థలం చూడ్డానికి వచ్చిన రెండుసార్లూ మిట్టమధ్యాహ్నమే వచ్చాం. ఏదో రొద, ఊళ్ళో మాత్రం లేదా అనుకున్నాం. మా మావయ్య ఒక్కడే "రాత్రిపూట ఓసారి వచ్చి నిలబడి చూడండ్రా" అన్నాడు. ఆయన మాట వినకపోవడం మా ఇంట్లో ఆనవాయితీ.

ఇప్పుడు రాత్రి రెండింటికి ఠంచనుగా మెలకువ వచ్చేస్తోంది. గూట్లో ఒక స్టీలు గ్లాసు మీద ఇంకోటి బోర్లించి ఉంటుంది. లారీ వస్తోందని నాకన్నా ముందు దానికే తెలుస్తుంది, సన్నగా జిర్రుమంటుంది. మొన్న ఇక పడుకోలేక డాబా ఎక్కి కూర్చుని లెక్కపెట్టాను. పది నిమిషాల్లో 31 బళ్ళు, అందులో 22 లారీలు. పగలు పదకొండింటికి అక్కడే కూర్చుని లెక్కపెడితే పది నిమిషాలకి 140. లారీలు, బస్సులు కలిపి 30, మిగతావన్నీ కార్లు, బైకులు, ఆటోలు. ఫోన్ యాప్‌లో చప్పుడు సగటు పగలు 67 డెసిబెల్స్, రాత్రి 66. బళ్ళు నాలుగో వంతు కూడా లేవు, మోత తగ్గింది ఒకే ఒక్క డెసిబెల్. యాప్ అబద్ధమా, నా చెవులు అబద్ధమా?

ఇంకో సంగతి. క్రాసింగ్ దగ్గర యాక్సిడెంట్ అయ్యాక రోడ్డుకి అడ్డంగా తెల్లటి రంబుల్ పట్టీలు (బండిని కుదిపి డ్రైవర్ని హెచ్చరించే సన్నటి గట్లు) వేశారు, సరిగ్గా మా ఇంటికి ఎదురుగా. ఇప్పుడు వీధివాళ్ళు పెద్ద స్పీడ్ బ్రేకరే కావాలని అర్జీ రాస్తున్నారు. ఒడియాలో ఉంది, మా ఆవిడ చదివి చెప్పింది. "స్పీడు తగ్గితే మోత తగ్గుతుంది, పిల్లలూ క్షేమం" అని సారాంశం. సంతకం పెట్టాలా వద్దా?

బుజ్జి_భాయి
పెట్టెయ్ బావా. ఇందులో అడగడానికేముంది.

రాయగడ_రాధ
పెట్టకండి!! వివరంగా తర్వాత రాస్తా, పొయ్యి మీద పప్పుంది.

గొడవ_గోపాలం
హైవే పక్కన స్థలం చవగ్గా వచ్చిందని కొని, ఇప్పుడు హైవేకి చప్పుడుందని ఏడిస్తే ఎలా? సముద్రం పక్కన కట్టుకుని అలల మీద కేసేసినట్టుంది.

హైవే_పక్కిల్లు
చవగ్గా ఏం రాలేదు గోపాలంగారూ, అదే కదా బాధ.

కిమిడి_మాస్టారు
పర్లాకిమిడిలో ఇరవై ఎనిమిదేళ్ళు ఫిజిక్స్ చెప్పాను. యాప్ అబద్ధమాడలేదు, చెవులూ ఆడలేదు. మీరు బళ్ళని తలలు లెక్కపెట్టారు, అక్కడుంది తిరకాసు. లారీకీ కారుకీ ఒకే మార్కు వేస్తే ఎలాగండీ.

హైవే వేగంలో పెద్ద లారీ చప్పుడు కారు చప్పుడుకన్నా సుమారు 10 డెసిబెల్స్ ఎక్కువనుకోండి. పది డెసిబెల్స్ అంటే శబ్దశక్తిలో పది రెట్లు. కాబట్టి ఒక లారీ పది కార్లకి సమానం. ఇప్పుడు మీ లెక్కలే తీసుకుందాం.

పగలు: 30 లారీలు 300 కార్లతో సమానం, మిగతా 110 కలిపితే 410.
రాత్రి: 22 లారీలు 220 కార్లు, మిగతా 9 కలిపితే 229.

సగం కన్నా కాస్త ఎక్కువే ఉంది. శబ్దశక్తి సగమైతే తగ్గేది 3 డెసిబెల్స్ మాత్రమే. మీ లెక్కకి రెండున్నర తగ్గాలి. మీకు ఒకటే తగ్గింది. మిగిలిన ఒకటిన్నర ఎక్కడికి పోయిందో క్లాసులో ఎవరైనా చెప్పగలరా?

బుజ్జి_భాయి
మాస్టారూ, రిటైరైనా వెనక బెంచీ వాళ్ళని వదలరా?

జైపూర్_జేఈ
వేగం. రాత్రి రోడ్డు ఖాళీ, అందరూ తొక్కేస్తారు.

కిమిడి_మాస్టారు
కూర్చో నాయనా. కరెక్టు.

సాలూరు_స్టీరింగ్
రాత్రి రెండింటికి అటు పోయేవాళ్ళలో వారానికి రెండుసార్లు నేనూ ఉంటానండి, ముందే చెప్పేస్తున్నా. 12 చక్రాల బండి. పగలు బరంపురం దగ్గర బైకులు, ఆటోలు అడ్డం పడతాయి, నలభై కూడా దాటదు. రాత్రి అదే చోట లోడు మీద అరవై అయిదు, ఖాళీ అయితే డెబ్భై అయిదు. కొత్త బళ్ళకి ఎనభై దగ్గర స్పీడు గవర్నర్ ఆపేస్తాది, లేకపోతే ఇంకా పోయేవాళ్ళున్నారు.

కానీ ఒకటి. మీరందరూ ఇంజను మోత అనుకుంటున్నారు. డెబ్భైలో టాప్ గేరేసి పోతుంటే కేబిన్‌లో నాకు నా ఇంజను గట్టిగా ఇనిపించదు. కింద టైర్లు ఏడుస్తుంటాయి. అదీ అసలు మోత.

గొడవ_గోపాలం
టైరు ఏడుస్తుందట. రబ్బరు ముక్క ఇంజనుకన్నా గట్టిగా అరుస్తుందా ఎక్కడైనా?

జైపూర్_జేఈ
అరుస్తుంది సార్. ఆర్ అండ్ బీ లైన్లో ముప్ఫై ఏళ్ళ సర్వీసు నాది.

బండి మోత రెండు దారుల్లో వస్తుంది. ఒకటి ఇంజను, సైలెన్సర్, ఫ్యాను. ఇది ఎన్ని చుట్లు తిరుగుతోంది, ఏ గేరులో ఉంది అన్నదాన్ని బట్టి ఉంటుంది, బండి ఎంత వేగంగా పోతోందన్నది దానికి అంతగా పట్టదు. రెండోది టైరు రోడ్డుని కొట్టే చప్పుడు. ట్రెడ్ గళ్ళలో, అంటే టైరు మీది గాడుల్లో, గాలి ఇరుక్కుని టప్పున బయటకి రావడం, రబ్బరు గుబ్బ రోడ్డుని తట్టి లేవడం, ఇలాంటివి సెకనుకి వందలసార్లు జరుగుతాయి. ఇది వేగంతోపాటే పెరిగిపోతుంది. కారుకి గంటకి ముప్ఫై, నలభై కిలోమీటర్లు దాటాక టైరు చప్పుడే పైచేయి. లారీకి ఇంజను పెద్దది కాబట్టి ఆ గీత ఇంకా పైన ఉంటుంది. బాగా మెయింటైన్ చేసిన బండికి అరవై, డెబ్భై దాకా. పాత బండికి ఇంకా ఎక్కువే.

వేగం రెండింతలైతే టైరు మోత 9, 10 డెసిబెల్స్ పెరుగుతుంది. పది పెరిగితే మన చెవికి మోత రెట్టింపైనట్టుంటుంది. అంటే 40లో పోయే కారు 80లో పోతే శక్తి లెక్కలో రెండు కార్లు కాదు, దాదాపు పది కార్లు.

హైవే_పక్కిల్లు
అంటే బళ్ళ సంఖ్య కన్నా వేగమే పెద్ద దోషి అన్నమాట?

జైపూర్_జేఈ
లెక్క అలాగే ఉంటుంది. బళ్ళు సగానికి తగ్గిస్తే 3 డెసిబెల్స్. అదే కార్లు 80 నుంచి 60కి తగ్గితే మూడున్నర దాకా. బళ్ళని సగం చేయడం మన చేతిలో లేదు, అరవైకి తేవడం కనీసం ప్రయత్నించొచ్చు. లారీ విషయంలో మాత్రం లాభం తక్కువ, ఎందుకంటే ఇంజను వాటా అలాగే ఉండిపోతుంది.

బుజ్జి_భాయి
చూశారా, స్పీడ్ బ్రేకరే మందు. సంతకం పెట్టు బావా.

రాయగడ_రాధ
పప్పు దించా. ఇప్పుడు వినండి.

రాయగడ ఊరి బయట మా అత్తగారిల్లు. వీధివాళ్ళే చందాలేసుకుని, కంకర పోసి, తారు పోసి స్పీడ్ బ్రేకర్ కట్టుకున్నారు. ఆనకట్ట అనాలి దాన్ని. మొదటి రాత్రి అందరం సంతోషించాం, బళ్ళన్నీ మర్యాదగా ఆగి ఆగి పోతున్నాయి. రెండో రాత్రి నుంచి తెలిసింది. బండి వస్తుంది, బ్రేకు. ఎయిర్ బ్రేకు వదిలినప్పుడు "ఫ్స్‌స్‌స్" మంటుంది కదా, అది. తర్వాత ముందు చక్రాలు ఎక్కి దిగడం, వెనక చక్రాలు ఎక్కి దిగడం. ఖాళీ లారీ అయితే వెనక తలుపు గొలుసులు, తాడుకట్టే కొక్కేలు, జాకీ, బకెట్టు అన్నీ ఒక్కసారి ఎగిరి పడతాయి. మా అత్తగారు పెళ్ళిలో బ్యాండు మేళం మెట్ల మీద నుంచి పడ్డట్టుంది అనేవారు. ఆ తర్వాత మొదటి గేరు, రెండో గేరు, మూడో గేరు, ఒక్కోదానికి ఒక్కో గర్జన. అంతకు ముందు ఒక్క "ఝూమ్" తో పోయేది. ఇప్పుడు అర నిమిషం పంచాంగ శ్రవణం.

ఆరు నెలల తర్వాత కట్టినవాళ్ళే గునపం పట్టుకుని వెళ్ళి తవ్వేశారు.

హైవే_పక్కిల్లు
బాబోయ్. ఇది మా అర్జీలో లేదు.

సాలూరు_స్టీరింగ్
రాధమ్మ చెప్పింది అక్షరాలా నిజం. లోడున్న బండి మెత్తగా దాటతాది, కమాన్ కట్టలు (చక్రాల మీది స్ప్రింగు పట్టీలు) ఒంగుతాయి. ఖాళీ బండికి ఆ కట్టలు ఇనుప కడ్డీల్లా బిగుసుకునుంటాయి, చిన్న గుంతకే ఎగురుతాది. అర్ధరాత్రి మీకు ఎక్కువ ఇనబడేది తిరుగు ప్రయాణంలో ఖాళీగా పోయే బళ్ళే. డ్రైవరు ఇంటికెళ్ళే తొందరలో కూడా ఉంటాడు మరి.

జైపూర్_జేఈ
రాధగారు చెప్పినది స్పీడ్ బ్రేకర్ కాదు, గోడ. పద్ధతి ప్రకారం హంప్ అయితే 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, పాతిక కిలోమీటర్ల వేగంతో దాటగలిగేలా. మన ఊళ్ళలో అడుగు ఎత్తు, అడుగు వెడల్పు. ఇంకోటి, బళ్ళు నేరుగా పోయే జాతీయ రహదారి మెయిన్ క్యారేజ్‌వే మీద స్పీడ్ బ్రేకర్లు ఉండకూడదన్నది కేంద్రం వైఖరి, ఉన్నవి తీసేయమని 2016లోనే చెప్పారు. కాబట్టి ఆ అర్జీ ఎలాగూ చెల్లదు. సర్వీస్ రోడ్డు మీద అడగొచ్చు.

కిమిడి_మాస్టారు
రాధగారి మాటలో ఇంకో పాయింటుంది, దాన్ని వదలొద్దు. సగటు 66 అని యాప్ చూపించినంత మాత్రాన నిద్ర ఆ సగటుని చూసి లేవదు. పగలు 140 బళ్ళు కలిసి ఒక తివాచీలా పరుచుకుంటాయి, మన మెదడు దాన్ని మరిచిపోతుంది. రాత్రి 31 అంటే రెండు బళ్ళ మధ్య ఇరవై సెకన్ల నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోంచి ఒక్కసారిగా మోత లేచి వచ్చి మళ్ళీ పడిపోతుంది. ఆ ఎక్కిదిగడమే లేపేది. హైవే_పక్కిల్లు గారూ, లారీ పోయేటప్పుడు మీ యాప్‌లో ఎక్కువలో ఎక్కువ ఎంత చూపించింది?

హైవే_పక్కిల్లు
78, 79. ఒకసారి 84 వచ్చింది, అది హారన్.

గొడవ_గోపాలం
వచ్చింది! అసలు దొంగ వచ్చాడు! నేను ఇందాకట్నుంచి ఆగింది దీనికోసమే. టైర్లు, ట్రెడ్లు, గాలి ఇరుక్కోవడం... ఇవన్నీ ఐరోపావాళ్ళ బాధలు. వాళ్ళు హారన్ కొట్టరు కాబట్టి టైరు చప్పుడు వింటారు. మన దేశంలో సగం మోత హారన్‌దే. ముందు దాన్ని ఆపండి, తర్వాత టైర్ల గురించి పాఠాలు చెప్పుకోవచ్చు.

జైపూర్_జేఈ
ఇది మాత్రం ఒప్పుకోవాలి. హారన్ ఏడు మీటర్ల దూరంలో 93 నుంచి 112 డెసిబెల్స్ మధ్య ఉండాలని నిబంధన. అంటే చట్టబద్ధమైన హారనే లారీకన్నా బాగా ఎక్కువ. రకరకాల రాగాలు పలికే మల్టీటోన్ హారన్లు నిషేధం, అయినా ప్రతి రెండో బండికి ఉంటాయి. అనవసరంగా హారన్ కొడితే మొదటిసారి వెయ్యి, మళ్ళీ కొడితే రెండు వేలు. 2019 సవరణలో వచ్చింది, మోటారు వాహనాల చట్టం 194ఎఫ్. కట్టినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

సాలూరు_స్టీరింగ్
గోపాలంగారూ, ఊరి మధ్యలో హారన్ నిజంగా మా తప్పే. బైపాస్‌లో రాత్రి రెండింటికి ఎవడూ ఊరికే కొట్టడు, ఎదురుగా డివైడర్ సందులోంచి ఆవో, రాంగ్ రూట్‌లో వచ్చే బైకో కనిపిస్తేనే. మీ లేఔట్ దగ్గర డివైడర్‌కి కంత ఉందా సారూ?

హైవే_పక్కిల్లు
ఉంది. మా వీధివాళ్ళే తవ్వారు, అవతల పాలకేంద్రానికి దగ్గరదారి అని.

సాలూరు_స్టీరింగ్
😀 ఇంకేం చెప్పమంటారు.

గంజాం_గుంటడు
మా బుల్లెట్ గురించి ఎవరూ ఏమీ అనలేదు, హమ్మయ్య.

రాయగడ_రాధ
నువ్వేనా రోజూ తెల్లారి నాలుగింటికి డబ్ డబ్ మని పోయేది?

జైపూర్_జేఈ
175 సీసీ దాటిన బైకుకి కంపెనీ నుంచి వచ్చినప్పుడు పరీక్షలో 80 డెసిబెల్స్ లోపే ఉండాలి. చిన్న బైకులకి 75, 77. కారుకి 74. సైలెన్సర్ మార్చినవాడు ఈ లెక్కలన్నిటినీ కొండెక్కించాడు. అలాంటి ఒక్క బైకు ఒక లారీతో సమానం, కొన్నిసార్లు మించిపోతుంది. పట్టుబడితే అదే మోటారు వాహనాల చట్టం 190(2) కింద పదివేల దాకా జరిమానా, మూడు నెలలు లైసెన్సు పోవచ్చు.

గంజాం_గుంటడు
రేపే స్టాక్ సైలెన్సర్ పెట్టిస్తా సార్. (పెట్టించను)

హైవే_పక్కిల్లు
నాదొక తిక్క ప్రశ్న. ఇంకో పదేళ్ళకి అన్నీ ఎలక్ట్రిక్ అయిపోతే ఈ మోత పోతుందా? అంతదాకా ఓపిక పట్టొచ్చు.

కిమిడి_మాస్టారు
ఊళ్ళో తగ్గుతుంది. బరంపురం సందుల్లో తిరిగే ఈ-రిక్షాలు చూడండి, వెనక నుంచి వస్తే తెలియదు. ఐరోపాలో అయితే ఎలక్ట్రిక్ కార్లు నెమ్మదిగా పోయేటప్పుడు, గంటకి 20 కిలోమీటర్ల దాకా, కావాలని చప్పుడు చేయాలని చట్టమే పెట్టారు. 2021 జూలై నుంచి అన్ని కొత్త ఎలక్ట్రిక్ కార్లకీ అది ఉండాల్సిందే. హైవేలో మాత్రం కథ వేరు. ఎనభైలో పోయే కారుకి ఇంజను పెట్రోలైనా బ్యాటరీ అయినా టైరు అదే కదా. బ్యాటరీ బరువుతో టైరు ఇంకా వెడల్పు కూడా పెడతారు. మీ ఇంటికి పెద్ద తేడా ఉండదు.

హైవే_పక్కిల్లు
ఆశ మీద నీళ్ళు పోశారు మాస్టారూ.

పొట్టంగి_పవన్
నాది వేరే కేసు, ఇక్కడ చెప్పినవాటికి కొంచెం తలకిందులు. సుంకి ఘాట్ మీద మా ఇల్లు, సాలూరు నుంచి కోరాపుట్ పోయే దారి. ఇక్కడ లారీ వేగం పదిహేను, ఇరవై. జేఈగారి లెక్కన నెమ్మది కాబట్టి మోత తక్కువుండాలి. కానీ లోడుతో ఎక్కే బండి రెండో గేరులో, మూడో గేరులో అరుచుకుంటూ ఎక్కుతుంది. మలుపు అవతల ఉన్నప్పుడే మొదలవుతుంది, మలుపు ఇవతలికి వచ్చి, ఇల్లు దాటి, పై మలుపు దాటేదాకా వదలదు. రెండు నిమిషాలు ఒక్క బండి. టైరు చప్పుడు లేదు, మొత్తం ఇంజనే.

జైపూర్_జేఈ
తలకిందులేం కాదు, ఇందాక చెప్పిందే. ఇంజను మోత గేరుని బట్టి, చుట్ల వేగాన్ని బట్టి. ఎత్తెక్కేటప్పుడు వేగం తక్కువ, ఇంజను మాత్రం ఊపిరి బిగబట్టి తిరుగుతుంది. అందుకే నెమ్మదిగా పోవడం వేరు, నిలకడగా పోవడం వేరు. నున్నటి రోడ్డు మీద ఒకే గేరులో 50లో పోయే లారీ చాలా మంచిది. 50 నుంచి 15కి ఆగి మళ్ళీ 50కి లేచేది ఘాటెక్కినట్టే.

సాలూరు_స్టీరింగ్
దిగేటప్పుడు సంగతీ చెప్పాలి. సుంకి దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చుంటే డ్రమ్ములు కాలిపోతాయి, ఆ తర్వాత బ్రేకు ఉండదు. అందుకే తక్కువ గేరులో, ఎగ్జాస్ట్ బ్రేకు (పొగదారి బిగించి ఇంజనుతోనే బండిని ఆపేది) నొక్కి దిగుతాం. అదే ఆ "బ్రూ‌మ్‌మ్‌మ్" చప్పుడు. పవన్ తమ్ముడూ, ఆ మోత ఇనబడుతున్నంతసేపు నువ్వు సంతోషించు, బండికి బ్రేకులున్నట్టు లెక్క.

పొట్టంగి_పవన్
ఇన్నేళ్ళూ తిట్టుకున్నా అన్నా. ఇకనుంచి దండం పెట్టుకుంటా.

సోంపేట_శాంతి
మాది హైవేకి 400 మీటర్లు. వేసవి పగలు అస్సలు వినబడదు. ధనుర్మాసంలో తెల్లవారుజామున మాత్రం మంచం పక్కనుంచి పోతున్నట్టుంటుంది. ఇది నా భ్రమా?

కిమిడి_మాస్టారు
భ్రమ కాదమ్మా. ఎండకి నేల వేడెక్కితే శబ్దం పైకి వంగిపోతుంది, మీ నెత్తి మీదుగా పోతుంది. చలికాలం రాత్రి నేల చల్లబడి, పైన గాలి కాస్త వెచ్చగా ఉంటుంది. అప్పుడు శబ్దం కిందికి వంగి దూరాలకి పాకుతుంది. 40 మీటర్ల దగ్గరున్న ఆయనకి దీంతో పెద్ద తేడా ఉండదు, మీకే ఉంటుంది. తడి రోడ్డయితే ఇద్దరికీ ఇబ్బందే, టైరు కింద నీళ్ళు చిమ్మే "సర్ర్" అదనం.

సోంపేట_శాంతి
2020 లాక్‌డౌన్‌లో మాకు మూడు కిలోమీటర్ల అవతలి రైలు కూత వినబడేది. ఆ నెలలో రాత్రిపూట అప్పుడొకటి ఇప్పుడొకటి లారీ వచ్చేది. ఇందాక మాస్టారు చెప్పినట్టు, ఆ ఒక్కటే మరీ గట్టిగా అనిపించేది.

బుజ్జి_భాయి
బావా, గోడ పక్కన అశోక చెట్లు వరసగా వేసెయ్. మా ఆఫీసులో వేశారు.

జైపూర్_జేఈ
ఒక వరస చెట్లు కళ్ళకి చల్లదనం, చెవులకి ఏమీ లేదు. దట్టమైన అడవిలా ముప్ఫై మీటర్ల మందాన ఉంటే అయిదు డెసిబెల్స్ తగ్గొచ్చు. 40 మీటర్ల స్థలంలో ముప్ఫై అడవికిస్తే ఇల్లెక్కడ?

గోడ పని చేస్తుంది. టైరు చప్పుడు నేల దగ్గర పుడుతుంది కాబట్టి, రోడ్డు కనిపించకుండా గోడ అడ్డు పడితే అయిదు డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. సందులుండకూడదు, ఇటుక మీద ఇటుక పేర్చిన జాలీ గోడ దండగ. పడగ్గది పైఅంతస్తులో ఉంటే మాత్రం గోడ కూడా దండగే.

హైవే_పక్కిల్లు
పైఅంతస్తే. 😐 గాలి బాగా వస్తుందని పైన పెట్టుకున్నాం.

రాయగడ_రాధ
కిటికీలు ఏం పెట్టారు? స్లైడింగ్ అల్యూమినియమా?

హైవే_పక్కిల్లు
అవును. మూసినా పక్కల నుంచి వెలుతురు కనబడుతుంది.

రాయగడ_రాధ
వెలుతురు వచ్చే సందులోంచి చప్పుడూ వస్తుంది. ముందు ఆ సందులకి రబ్బరు పట్టీ వేయించండి. మాకు అది చేయించాకే ఫోన్‌లో ఆరేడు తగ్గింది, అద్దాలు మార్చకుండానే.

గొడవ_గోపాలం
మేలో కరెంటు పోయినప్పుడు కిటికీ మూసుకుని ఉడికిపోవాలా? మళ్ళీ చెబుతున్నా, చట్టముంది. నివాస ప్రాంతానికి రాత్రి 45 డెసిబెల్స్, పగలు 55. 2000లో వచ్చిన రూల్స్. 66 అంటే ఎన్ని రెట్లో మాస్టారు చెబుతారు. దాని మీద అర్జీ పెట్టాలి గానీ రబ్బరు పట్టీలేంటి.

కిమిడి_మాస్టారు
21 డెసిబెల్స్ ఎక్కువ. శక్తిలో 126 రెట్లు.

బుజ్జి_భాయి
126 రెట్లు తగ్గించాలంటే రోడ్డుని ఛత్రపురం మీదుగా సముద్రంలోకి మార్చాలి.

హైవే_పక్కిల్లు
గోపాలంగారూ, ఆ పనీ చేశా. ఒక ఆఫీసుకెళ్ళి కాగితం ఇచ్చా. గుమాస్తా చదివి, "ఫోన్ యాప్ రీడింగ్ చెల్లదు బాబూ, కాలిబ్రేట్ చేసిన మీటరు కావాలి" అన్నాడు. మీటరు ఎవరిదగ్గరుందంటే ఇంకో ఆఫీసు పేరు చెప్పాడు. అక్కడికెళితే ఆ సార్ భువనేశ్వర్ వెళ్ళాడు. ఇది మూడో వారం.

గొడవ_గోపాలం
సరే, ఈసారికి రబ్బరు పట్టీలు వేయించండి.

హైవే_పక్కిల్లు (పదిరోజుల తర్వాత)
అప్‌డేట్. నిన్న రాత్రి మళ్ళీ డాబా ఎక్కా, ఈసారి టార్చి లైటు, నోట్‌బుక్, మా మావయ్యతో. ఆయన చెవి నాకన్నా గట్టిది, పాతికేళ్ళు రైసుమిల్లులో పనిచేసినా. మీరు చెప్పినవన్నీ విడివిడిగా వినడానికి ప్రయత్నించాం.

కార్లు: దూరం నుంచి సన్నటి "హుష్ష్", దగ్గరకొచ్చాక ఒక్క క్షణం, అంతే. ఇంజను వినబడలేదు. మాస్టారు, జేఈగారు గెలిచారు.
లోడు లారీలు: లోతైన గుర్రు, కింద టైర్ల ఊళ. సాలూరన్న గెలిచాడు.
ఖాళీ లారీలు: రాధగారి బ్యాండు మేళం.

అసలు సంగతి అప్పుడు బయటపడింది. రంబుల్ పట్టీలు ఇంటికి ఎదురుగా ఉన్నాయని చెప్పా కదా. బండి వాటి మీదికి ఎక్కినప్పుడు "డ్ర్‌ర్‌ర్ర్". మావయ్య ప్రతి బండికీ వేలు చూపించి లెక్కపెట్టాడు. ఒక్కడు కూడా పట్టీలకి వేగం తగ్గించలేదు! ఖాళీ లారీ డెబ్భైలో వాటి మీద దూసుకుపోతే యాప్‌లో 82. పట్టీలు లేని అవతలివైపు లేన్లో అలాంటి లారీకే 76. అవతలి లేను ఇంకాస్త దూరం అనుకున్నా తేడా అంతుంటుందా?

జైపూర్_జేఈ
అవతలి లేను 12, 15 మీటర్లు ఎక్కువ దూరం అనుకుంటే రెండు మూడు డెసిబెల్స్ దూరానికి పోతాయి. మిగతా మూడు నాలుగు పట్టీలదే. పైగా ఆ "డ్ర్‌ర్" ఒకే పిచ్‌లో ఉంటుంది, గొంతు పట్టుకుని లేపుతుంది. ఇళ్ళకి ఎదురుగా రంబుల్ పట్టీలు వేయకూడదు. క్రాసింగ్‌కి ముందు ఉండాలి గానీ, ఇళ్ళు లేని చోటకి జరపొచ్చు. అర్జీలో రాయాల్సింది అదీ.

సాలూరు_స్టీరింగ్
పట్టీలకి లారీవాడు ఎందుకు తగ్గిస్తాడు సారూ. స్పీడులో పోతే తక్కువ కుదుపు, నెమ్మదిగా పోతే పళ్ళు ఊడతాయి. అందుకే వాటి మీద అందరం ఇంకా తొక్కుతాం.

రాయగడ_రాధ
ఇది చదివి నవ్వు ఆగట్లేదు. వేగం తగ్గించడానికి వేసినదాని మీద ఇంకా వేగం.

హైవే_పక్కిల్లు (ఇంకో నెల తర్వాత)
పాత అర్జీలో సంతకం పెట్టలేదు. కొత్తది రాయించాం. పట్టీలు క్రాసింగ్ వైపు 150 మీటర్లు జరపాలి, డివైడర్ కంత మూయాలి. రెండో దానికి వీధిలో సగంమంది కోపమొచ్చింది, పాలకేంద్రం దూరమైపోతుందట. ఎవరి సంతకం ఎవరు పెట్టారో తెలియదు గానీ కాగితం వెళ్ళింది. పోయిన వారం మనుషులొచ్చి ఆ పట్టీలు గీకేశారు. జరపలేదు, గీకేశారంతే. కొత్త చోట వేస్తారో లేదో చూడాలి. కంత అలాగే ఉంది.

కిటికీకి రబ్బరు పట్టీలు, 1,400 అయింది. పడగ్గది వెనక వైపుకి మార్చాం, జేఈగారు గోడ గురించి చెప్పినట్టే ఇల్లే అడ్డుగోడ అయింది. పాత పడగ్గదిలో ఇప్పుడు మావయ్య పడుకుంటున్నాడు. ఆయనకి చప్పుడు కావాలట, లేకపోతే నిద్ర పట్టదట.

సాలూరు_స్టీరింగ్
శుక్రవారం రాత్రి పోర్టు లోడేసుకుని మీ మీదుగా పోతాను సారూ, రెండింటికో రెండున్నరకో. హారన్ కొట్టను, మీ ఇల్లు రాగానే రెండుసార్లు లైటు డిప్పర్ కొడతా. చూసి చెయ్యి ఊపండి.

హైవే_పక్కిల్లు
నేను నిద్రపోతుంటానన్నా. మావయ్యకి చెబుతా, ఆయన ఊపుతాడు.